మా జిల్లా ఎయిమ్స్‌కు పట్నం మీదుగా దారి

పొద్దున ఎనిమిదింటికి షట్టరు లేపింది మొదలు రాత్రి మూసేదాకా నా చేతుల మీదుగా పోయేవి మందుల చిట్టీలే. దేవరకొండలో 18 ఏళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నాను. చిట్టీ మీద పేరు చదవకముందే అది ఏ ఊరి దవాఖానదో తెలిసిపోతుంది. జ్వరం, విరేచనాలు, కాన్పు తర్వాత రక్తానికి గోలీలు అయితే మా ఊరి చిట్టీ. కాలు విరిగినా కడుపులో రాయి ఉన్నా నల్లగొండ చిట్టీ. గుండె, కిడ్నీ, తలలో నరం, క్యాన్సర్ అయితే పట్నం చిట్టీ, అంటే హైదరాబాద్‌ది. పట్నం చిట్టీ ఒంటరిగా రాదు. దానికో ప్లాస్టిక్ కవరు ఉంటుంది. లోపల స్కానింగు రిపోర్టులు, రేషన్ కార్డు జిరాక్సులు, ఆరోగ్యశ్రీ కాగితాలు, నాలుగు మడతలు పెట్టిన బస్సు టికెట్లు. కవరు అంచులు నలిగి తెల్లబడ్డాయంటే ఆ మనిషి చాలాసార్లు తిరిగాడని అర్థం.

మొన్న పత్తి ఏరే రోజుల్లో చందంపేట దిక్కు తండా నుంచి ఒక ముసలామె, వెంట కొడుకు వచ్చారు. గుండె జబ్బు చిట్టీ. నెలకు సరిపడా రాశారు. నేను డబ్బాలోంచి తీసి బల్ల మీద పెడుతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"పది దినాలకే ఇయ్యి సేటూ."

"నెలకు రాసిండ్రు గదమ్మా. ఈ గోలీలు నడుమ ఆపొద్దు."

"ఎరుకనే. వచ్చే నెల మల్ల రమ్మన్నరు. పోనీకి పైసలు అట్టిపెట్టుకోవాలె."

"నీకు బస్సు ఫ్రీనే గద?"

"నాకు ఫ్రీనే. పోరడు ఎంబడి రాకుంటే నేనేడ తిరుగుత ఆ పట్నంల? వాని టికెటు, ఆటోలు, తిండి. ఇద్దరికీ కైకిలి పాయె."

నేను కత్తెర తీసుకుని పదిహేను గోలీల స్ట్రిప్పును పదికి కత్తిరించాను. బ్యాచి నంబరు, గడువు తేదీ ఉన్న ముక్క నా దగ్గరే మిగిలింది. దాన్ని డబ్బాలో వేస్తూ వాళ్లు రోడ్డు దాటేదాకా చూశాను.

2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ తీసేశారు. అదే రోజు ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఈ రెండింటి మేలూ నేను కళ్లారా చూస్తున్నాను, ఎవరన్నా కాదంటే వాదిస్తాను కూడా. అయినా మందు తగ్గించుకుని దారిఖర్చు దాచుకునే మనిషి ఇంకా నా బల్ల ముందుకు వస్తూనే ఉంది. దవాఖాన ఎంత దూరంలో ఉందన్నది వైద్యంలో భాగమని, దాన్ని కూడా గోలీలాగా లెక్కగట్టాలని నేను అనేది అందుకే.

మా ఉమ్మడి నల్లగొండలో ఎయిమ్స్ ఉంది. బీబీనగర్‌లో. 2018 డిసెంబరు 17న కేంద్ర మంత్రివర్గం దానికి 1,028 కోట్లతో ఆమోదం తెలిపింది. 750 పడకలు, 15 నుంచి 20 దాకా సూపర్ స్పెషాలిటీ విభాగాలు, 100 ఎంబీబీఎస్ సీట్లు అన్నారు. 2019లో 50 మందితో మొదటి బ్యాచి చేరింది. 2023 ఏప్రిల్ 8న ప్రధాని సికింద్రాబాద్ వచ్చినప్పుడు కొత్త భవనాలకు శంకుస్థాపన జరిగింది, ఖర్చు 1,350 కోట్లు దాటింది. ఆమోదం వార్త వచ్చిన రోజు మా దుకాణం ముందు అదే ముచ్చట, 'మన జిల్లాకు ఎయిమ్స్ వచ్చింది' అని. నిజానికి అప్పటికి రెండేళ్ల కిందటే జిల్లాలు విడిపోయాయి. 2016 దసరాకు బీబీనగర్ యాదాద్రి భువనగిరిలోకి పోయింది. అయినా మా నోళ్లలో జిల్లా అంటే పాత జిల్లానే.

ఆ ఎయిమ్స్‌కు మా మేనత్తను తీసుకుని పోయాను. ఆమె కాపురం మర్రిగూడ దగ్గరి పల్లెలో గడిచింది. ఆ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు ఏం చేస్తాయో నల్లగొండలో పుట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు. అరవై దాటకముందే నడుం వంగిపోయింది. నడిచేటప్పుడు రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఒక్కో అడుగూ చేత్తో ఎత్తిపెట్టినట్టు నడుస్తుంది. మామ పోయాక మా ఇంట్లోనే ఉంటున్నది.

పొద్దున నాలుగున్నర బస్సు. కొండమల్లేపల్లి, చింతపల్లి, మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం దాటి ఎల్బీనగర్‌లో దిగేసరికి ఏడుంబావు. అక్కడ రింగురోడ్డు మీద సిటీ బస్సు పట్టుకుని ఉప్పల్. ఉప్పల్‌లో వరంగల్ దిక్కు పోయే బస్సు కోసం నిలబడాలి. అత్త నిలబడలేదు కాబట్టి ఒక చాయ్ హోటల్ మెట్టు మీద కూర్చోబెట్టాను. ఘట్‌కేసర్ దాటి బీబీనగర్‌లో దిగాం. తొమ్మిదిన్నర అయింది. మా జిల్లా దవాఖానకు పోవడానికి మా జిల్లా దాటి, రంగారెడ్డి జిల్లా దాటి, పట్నం తూర్పు కొస చుట్టి, మళ్లీ పాత నల్లగొండలోకి వచ్చాం.

డాక్టరమ్మ మంచిది. అత్తను మంచం మీద పడుకోబెట్టి కాళ్లు ఎత్తి చూసింది, వేలితో వెన్నుపూసలు ఒక్కొక్కటే నొక్కుతూ ఎక్కడ నొప్పో అడిగింది, నీళ్లు ఏ ఊరివి తాగేవాళ్లని అడిగింది. మా అత్తను ఆ నీళ్ల ముచ్చట అడిగిన మొదటి డాక్టరు ఆమె. పరీక్షలు రాసింది, మందులు రాసింది, ఆరు వారాలకు రమ్మంది. ఆరు వారాలకు మళ్లీ నాలుగున్నర బస్సే. ఈసారి గదిలో ఉన్నది పది నిమిషాలు కూడా కాదు. రిపోర్టులు చూసి, అవే మందులు వాడమని, మూడు నెలలకు రమ్మని చెప్పింది. తప్పేం లేదు, చెప్పాల్సింది అంతే. రాత్రి ఎనిమిదింటికి దేవరకొండలో దిగినప్పుడు అత్త బస్టాండు అరుగు మీద కూర్చుని, "గీ మాట చెప్పనీకి నల్లగొండల ఎవ్వలు లేరా బిడ్డా?" అంది.

అప్పటి నుంచి నేను ఈ దేశంలో ఎయిమ్స్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడటం మొదలుపెట్టాను.

మొదటిది ఢిల్లీలో 1956లో పెట్టారు. ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ పట్టుబట్టి తెచ్చింది, న్యూజిలాండ్ ఇచ్చిన సాయం అందులో ఉంది. ఆ తర్వాత 56 ఏళ్లు దేశం మొత్తానికి ఆ ఒక్కటే. బీహార్ నుంచి, తూర్పు ఉత్తరప్రదేశ్ నుంచి రోగులు రైలెక్కి పోయి, ఢిల్లీ ఎయిమ్స్ ముందు కాలిబాటల మీద దుప్పటి కప్పుకుని పడుకుని నంబరు కోసం చూసేది అందుకే. 2003లో ప్రకటించిన ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్ష యోజన చెప్పిన లక్ష్యమే పెద్ద వైద్యంలో ప్రాంతాల మధ్య ఉన్న తేడాలను సరిచేయడం. 2012లో భోపాల్, భువనేశ్వర్, జోధ్‌పూర్, పాట్నా, రాయ్‌పూర్, రిషికేశ్‌లో ఆరు తెరుచుకున్నాయి. తర్వాత మంగళగిరి, నాగ్‌పూర్, కల్యాణి, గోరఖ్‌పూర్, రాయ్‌బరేలీ, బఠిండా, దేవఘర్, బిలాస్‌పూర్, రాజ్‌కోట్, గువాహటి, విజయ్‌పూర్ ఇట్లా పెరుగుతూ వచ్చాయి. బీబీనగర్‌కు ఆమోదం ఇచ్చిన రోజే తమిళనాడులో మదురైకీ ఇచ్చారు. అక్కడ భవనం లేకపోతే 2022లో మొదటి బ్యాచి పిల్లలను రామనాథపురం మెడికల్ కాలేజీలో కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు.

ఢిల్లీ ఒక్కటే ఉన్న రోజులతో పోల్చితే ఇది చాలా పెద్ద మార్పు. పాట్నాలో ఎయిమ్స్ ఉంటే ఎంతమందికి ఢిల్లీ రైలు తప్పుతుందో ఊహించుకుంటేనే కడుపు నిండుతుంది. కానీ దేశం పటం మీద ఎయిమ్స్‌కో చుక్క పెట్టి, ఆ చుక్కలు పడిన తీరు చూడండి. దాదాపు రాష్ట్రానికొకటి. రాష్ట్రం లెక్కలో ఒక చుక్క పడితే ఆ రాష్ట్రం పని అయిపోయినట్టే. ఆ చుక్క రాష్ట్రంలో ఏ మూల పడింది, ఆ మూలకు బస్సు ఏ దారిన పోతుంది అనేది తర్వాతి మాట.

రోగి రాష్ట్రాన్ని బట్టి పోడు, బస్సును బట్టి పోతాడు. మా దక్షిణ తెలంగాణ అంచుల్లో నిలబడితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అలంపూర్ మనిషికి తుంగభద్ర వంతెన దాటితే కర్నూలు పెద్దాసుపత్రి. తరాల నుంచి వాళ్ల కాన్పులు, పాముకాట్లు, విరిగిన ఎముకలు అన్నీ అక్కడికే. నారాయణపేట, మక్తల్ వాళ్లు రాయచూరు పోతారు. కోదాడ వాళ్లకు విజయవాడ దగ్గర. ఈ దారులు రాష్ట్రాలు పుట్టకముందు నుంచి ఉన్నవి. 2021 మే నెలలో కరోనా ముమ్మరంగా ఉన్నప్పుడు ఆంధ్రా నుంచి హైదరాబాద్ వచ్చే అంబులెన్సులను అలంపూర్ దగ్గర పుల్లూరు టోల్‌గేటు వద్ద ఆపారు. హైకోర్టు జోక్యం చేసుకుంటే గానీ దారి తెరుచుకోలేదు. రాష్ట్రం గీత దవాఖాన దారికి అడ్డం వస్తే ఏమవుతుందో ఆ వారం అందరం చూశాం. ఇప్పుడు రాయచూరు వాళ్లు తమకు ఎయిమ్స్ కావాలని 2022 మే నుంచి దీక్ష పట్టారు. అది కర్ణాటక వాళ్ల గొడవ అని మనం అనుకుంటాం. అది వస్తే బీబీనగర్ కంటే ముందుగా బాగుపడేది మన నారాయణపేట, గద్వాల పల్లెలే.

మరి తెలంగాణ చుక్క బీబీనగర్‌లోనే ఎందుకు పడింది? భవనం ఉంది కాబట్టి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో నిమ్స్ కోసం అక్కడ కట్టడం మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి అది సగంలో నిలిచిపోయింది. ఎయిమ్స్‌కు దాదాపు 200 ఎకరాలు కావాలి, ఆ స్థలం రాష్ట్రం ఇవ్వాలి. కట్టిన గోడలు, స్థలం, పక్కనే జాతీయ రహదారి, రైల్వే జంక్షన్ అన్నీ సిద్ధంగా దొరికాయి, ఇచ్చారు. అప్పటి లెక్కలో అది తెలివైన పనే. పని త్వరగా మొదలైంది. జనగామ, ఆలేరు, భువనగిరి, వరంగల్ దిక్కు వాళ్లకు నేరుగా దారి మీద ఉంది.

ఇంకో న్యాయమైన మాట కూడా ఒప్పుకోవాలి. గుండె సర్జనును తెచ్చి దేవరకొండలో కూర్చోబెట్టమని నేను అడగను. అటువంటి డాక్టరుకు చేతి నిండా కేసులు ఉండాలి, పక్కన మత్తు డాక్టరు, రక్తనిధి, ఐసీయూ నర్సులు, అర్ధరాత్రి పిలిస్తే వచ్చే టెక్నీషియన్లు ఉండాలి. నెలకు మూడు ఆపరేషన్లు చేసే చోట చెయ్యి మొద్దుబారుతుంది, అది రోగికే చేటు. వాళ్ల పిల్లలకు బడి కావాలి, భార్యకో భర్తకో ఉద్యోగం కావాలి. కాబట్టి 20 సూపర్ స్పెషాలిటీలు ఒకే చోట, పట్నానికి దగ్గరలో ఉండటం తప్పు కాదు. బీబీనగర్ నుంచి ఎయిమ్స్‌ను పీకి ఇంకోచోట పెట్టమని అడిగేవాళ్లతో నేను లేను.

నేనడిగేది వేరు. రోగాల్లో కొన్ని గడియారంతో కొలిచేవి, కొన్ని తిరుగుళ్లతో కొలిచేవి. పక్షవాతం వచ్చిన మనిషికి మెదడులో గడ్డ కరిగించే సూది నాలుగున్నర గంటల లోపు పడాలి, అదీ స్కానింగు తీశాకే. గుండెపోటు అయితే ఇంకా తొందర. వీటికి ఎయిమ్స్ దిక్కు చూడటం దండగ, వీటికి నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ దవాఖానల్లోనే రాత్రిపూట స్కానింగు నడవాలి, సూది ఉండాలి, వేసే ధైర్యం ఉన్న డాక్టరు ఉండాలి. 2005 ఆగస్టు 15న పుట్టిన 108 బండి ఎంత వేగంగా వచ్చినా, ఎక్కించుకుని పోయిన చోట సూది లేకపోతే దాని వేగం దేనికీ పనికిరాదు. రెండో రకం రోగాలకు తొందర లేదు, కానీ విడుపు లేదు. క్యాన్సర్, కిడ్నీ, కీళ్లవాతం, మూర్ఛ, గుండె ఆపరేషన్ తర్వాత చూపించుకోవడాలు. ఒక్కసారి అయ్యే పనికి 150 కిలోమీటర్లు పోవచ్చు. ముప్పైసార్లు పోవాల్సిన పనికి అదే దూరం మనిషిని మింగేస్తుంది.

ఇది నాకు మా నాయిన నేర్పాడు. బీబీనగర్ ఎయిమ్స్ రాకముందు సంగతి. గొంతులో గడ్డ, రేడియేషన్ పెట్టాలన్నారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఏడు వారాలు, 35 సార్లు. యంత్రం కింద పడుకునేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల కోసం రోజూ దేవరకొండ నుంచి పోయి రావడం సాధ్యమా? పట్నంలో పైకప్పు రేకులున్న ఒక గది అద్దెకు తీసుకున్నాం. అమ్మ ఇక్కడి గేదెలను పక్కింటికి అప్పజెప్పి వచ్చింది. నేను శనివారం పొద్దునకు దుకాణం తెరిచి, ఆదివారం రాత్రికి మళ్లీ గదికి చేరేవాణ్ణి. నాలుగో వారం నుంచి నాయినకు నోరు పూసి గంజి కూడా దిగేది కాదు. ఆ వారమే ఒక సోమవారం, ఎండలో రెండు బస్సులు మారి దవాఖానకు పోతే, యంత్రం చెడిపోయింది, గురువారం రమ్మన్నారు. మా ఫోన్ నంబరు వాళ్ల ఫైలులో మొదటి పేజీ మీద ఉంది. ఒక్క ఫోన్ కొట్టలేదు. నాయిన ఏం మాట్లాడకుండా అక్కడి బెంచీ మీద పడుకున్నాడు. గొంతు చుట్టూ చర్మం కమిలి నల్లబడింది, దాని మీద అమ్మ తడిగుడ్డ వేయబోతే వద్దని చేత్తో సైగ చేశాడు. ఆ దవాఖాన పేరు నేను రాయను. కోపం దాని మీద కాదు. అంత జబ్బు మనిషిని అన్నిసార్లు తిప్పడం మామూలే అనుకునే మన ఏర్పాటు మీద.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని, ఆ ఏడాదే 200 తెరుస్తామని చెప్పారు. కీమో సెలైను జిల్లాలోనే ఎక్కించుకుని సాయంత్రానికి ఇంటికి రావచ్చంటే అది చాలా పెద్ద మాట. కానీ 35 సార్లు తిప్పేది రేడియేషన్. ఆ యంత్రం నల్లగొండలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి సర్కారు తరఫున పెట్టి, వైద్యం తీరును బీబీనగర్ డాక్టర్లు నిర్ణయించి, వేళకు పడుకోబెట్టే పని ఇక్కడి టెక్నీషియన్లు చేస్తే చాలు.

ఇది అయ్యే పనేనా అని అడిగేవాళ్లకు నేను తూడుకుర్తి చూపిస్తాను. నాగర్‌కర్నూల్ పక్కన పల్లె. మా అక్కను ఆ దిక్కే ఇచ్చాం. అక్క అత్తగారికి రెండు కళ్లకూ శుక్లాలు వచ్చి, చాటలో బియ్యం ఏరలేని స్థితికి వస్తే, పట్నం తీసుకుపోదామని నేను బయల్దేరి వెళ్లాను. "పట్నం ఎందుకురా, తూడుకుర్తికి పోదాం" అంది అక్క. ఆటోలో పోయాం. పచ్చని చేల పక్కన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి కేంద్రం. ఆపరేషన్ అక్కడే అయింది. పట్టీ తీసిన రోజు ఆమె మొదట నా మొహం చూసి, "గింత నెత్తి నెరిసిందేందిరా నీకు" అంది.

ఆ సంస్థ 1987లో హైదరాబాద్‌లో మొదలైంది. అమెరికాలో పనిచేసి వచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించారు. పెద్ద క్యాంపస్‌లు హైదరాబాద్, భువనేశ్వర్, విశాఖపట్నం, విజయవాడల్లో ఉన్నాయి. వాళ్లు అక్కడితో ఆగలేదు. లెక్క కింది నుంచి వేశారు. 50 వేల జనాభాకు ఒక చిన్న కంటి కేంద్రం. అక్కడ డాక్టరు ఉండడు, ఆ ఊరి పక్క పిల్లనో పిల్లగాణ్ణో ఎంచి శిక్షణ ఇచ్చి కూర్చోబెడతారు. చూపు పరీక్ష చేసి కళ్లద్దాలు ఇస్తారు, జబ్బు కనబడితే పైకి పంపుతారు. 5 లక్షల జనానికి ఆపరేషన్లు చేసే తూడుకుర్తి వంటి కేంద్రం. 50 లక్షలకు ఇంకా పెద్దది. 5 కోట్లకు ఒక శిఖరం వంటి సంస్థ. కింది కేంద్రాలు ఇప్పుడు 200 దాటాయి. ఎంత కష్టమైన కన్ను అయితే అంత దూరం పోతుంది. కళ్లద్దాల కోసం బంజారాహిల్స్ పోయే అవసరం ఎవరికీ రాదు. కన్ను చిన్న అవయవం, దానితో పోలికేమిటని కొందరు అంటారు. నిజమే, గుండెకూ కిడ్నీకీ ఖర్చు, సిబ్బంది, ప్రమాదం అన్నీ ఎక్కువ. పోలిక అవయవంతో కాదు. ఏ పనికి మనిషిని ఎంత దూరం రప్పించాలో ముందే తేల్చుకుని, ఆ తర్వాత గోడలు కట్టడంలో ఉంది.

సర్కారు దవాఖానల్లో కూడా ఇది జరిగింది, డయాలసిస్‌తో. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఒకప్పుడు మా పల్లెల కిడ్నీ రోగులు దీనికోసం పట్నంలో గది తీసుకునేవాళ్లు, లేదా మానేసేవాళ్లు. మానేస్తే ఏమయ్యేదో వేరే చెప్పాలా. తెలంగాణలో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులను మూలంగా పెట్టుకుని, వాటి కింద జిల్లాల్లో, ఏరియా ఆసుపత్రుల్లో కేంద్రాలు తెరిచారు. పెద్ద డాక్టరు పట్నంలోనే ఉన్నాడు, యంత్రం పల్లె వైపు వచ్చింది. నా దుకాణంలో దాని ఫలితం నాకు కనబడింది: కిడ్నీ రోగుల చిట్టీలు నెలనెలా ఆగకుండా రావడం మొదలయ్యాయి.

ఎయిమ్స్‌కూ ఇది కొత్త విద్య కాదు. ఢిల్లీ ఎయిమ్స్ 1965లోనే హర్యానాలో బల్లభ్‌గఢ్ దగ్గర పల్లెల్లోకి పోయి దవాఖాన నడిపింది, ఇప్పటికీ నడుపుతోంది. 2019లో అదే ఢిల్లీ ఎయిమ్స్ హర్యానాలోని ఝజ్జర్‌లో జాతీయ క్యాన్సర్ సంస్థను తెరిచింది. గడప దాటి పోవడం దానికి తెలుసు. అందుకే బీబీనగర్ నుంచి కూడా అదే ఆశిస్తున్నాను.

ఆ గడప పెట్టడానికి మాకు గదులు కూడా ఉన్నాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండల్లో 2016కు ముందు ఒక్క సర్కారు మెడికల్ కాలేజీ లేదు. 2016లో మహబూబ్‌నగర్, 2019లో నల్లగొండ, సూర్యాపేట, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తి, 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రి. ఎనిమిది. వీటిలో కొన్నింటికి ఇంకా డాక్టర్లు చాలరు, అది అందరికీ తెలిసిన బాధే. అయినా ప్రతి చోటా ఓపీ గది ఉంది, ల్యాబు ఉంది, హౌస్ సర్జన్లు ఉన్నారు. అందులో ఒక గదికి ఎయిమ్స్ బోర్డు కట్టి, వారానికి రెండు రోజులు బీబీనగర్ డాక్టర్లు వంతులవారీగా వచ్చి రివ్యూలు చూస్తే, మా అత్తవంటి వాళ్లకు నల్లగొండ దాటే పని ఉండదు. రాలేని రోజు వీడియోలో చూడొచ్చు. దానికి సర్కారు ఇ-సంజీవని 2019 నుంచి ఉంది. రోగి పక్కన ఒక చిన్న డాక్టరు కూర్చుని, కడుపు నొక్కి చూసి, బీపీ చెప్పి, అవతలి పెద్ద డాక్టరుతో మాట్లాడితే అది పనికొస్తుంది. రోగి ఒక్కణ్ణే ఫోను ముందు కూర్చోబెడితే పనికిరాదు, మా ముసలివాళ్లు ఆ చిన్న అద్దం ముందు సగం బాధ మింగేస్తారు.

దారి సంగతి కూడా తేల్చాలి. బీబీనగర్ జంక్షన్ నుంచి నడికుడి దిక్కు పోయే రైలు పట్టా వలిగొండ, రామన్నపేట, నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా పోతుంది. అంటే నల్లగొండలో రైలెక్కితే పట్నం ముఖం చూడకుండా ఎయిమ్స్ ఊళ్లో దిగవచ్చు. 2023 ఆగస్టులో గుంటూరు–బీబీనగర్ మధ్య 239 కిలోమీటర్ల రెండో లైనుకు కేంద్రం ఆమోదం ఇచ్చింది. రెండో లైను పడితే బండ్లు పెరుగుతాయి. వాటిలో ఓపీ వేళకు ముందు బీబీనగర్ చేరే బండి ఒకటి, మధ్యాహ్నం వెనక్కి వచ్చేది ఒకటి ఉండేట్టు వేళలు వేయమని ఇప్పుడే అడగాలి, పట్టాలు వేశాక అడిగితే వినేవాడు ఉండడు. స్టేషన్ నుంచి దవాఖాన దాకా ఒక బస్సు తిప్పాలి. మా దేవరకొండ డిపో నుంచి నల్లగొండ, చిట్యాల, భువనగిరి మీదుగా బీబీనగర్‌కు తెల్లవారి ఒక నేరు బస్సు వేయాలి. ఒక్క బస్సుకు, ఒక్క రైలు వేళకు వెయ్యి కోట్లు అక్కర్లేదు.

అమ్రాబాద్, పదర దిక్కు చెంచు పెంటల గురించి, అంటే అడవిలోని చెంచు గూడేల గురించి, నేను ఎక్కువ రాయలేను, వాళ్ల చిట్టీలు నా దాకా రావు. అచ్చంపేట దాకా వచ్చేసరికే వాళ్ల రోజు అయిపోతుంది. చిట్టీయే లేని చోట రోగం లేదని రాసుకునే లెక్కలు ఉంటాయి. ఎయిమ్స్ ఎవరికి ఎంత దూరమో లెక్క తీసే రోజున మొదటి కొలత మన్ననూరు నుంచి తీయాలని మాత్రం నా గట్టి మాట.

దసరా తర్వాత నేను గల్లాపెట్టె పక్కన ఒక పొడుగు పుస్తకం పెట్టాను. పట్నం చిట్టీతోనో బీబీనగర్ చిట్టీతోనో వచ్చినవాళ్లను అడిగి రాస్తున్నాను: ఏ ఊరు, ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరారు, ఎన్ని బండ్లు మారారు, డాక్టరు ముందు ఎంతసేపు ఉన్నారు, ఎన్నింటికి ఇల్లు చేరారు, ఇది ఎన్నోసారి. రోగం పేరు అడగను, మనిషి పేరు రాయను. చాలామంది మొదట అనుమానంగా చూస్తారు, తర్వాత నేను అడగనివి కూడా చెబుతారు. ఈ పుస్తకం నిండాక కాపీలు తీసి ఎమ్మెల్యేకు, ఎంపీకి, కలెక్టరాఫీసుకు, ఎయిమ్స్ డైరెక్టరుకు, ఆర్టీసీ డిపో మేనేజరుకు, రైల్వే వాళ్లకు ఇస్తాను. కల్వకుర్తిలో, అచ్చంపేటలో, మిర్యాలగూడలో, గద్వాలలో మందుల దుకాణం ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే, మీ బల్ల మీదా ఒకటి పెట్టండి.

తండా నుంచి వచ్చిన ఆ ముసలామె మిగతా ఇరవై రోజుల గోలీల కోసం నిన్న సాయంత్రం వచ్చింది. ఎనిమిది రోజులు ఆలస్యం. పుస్తకంలో రాసుకుంటానంటే, కొడుకు దిక్కు తిరిగి వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది: ఇంట్లోంచి మూడింటికి లేచింది, నాలుగు బండ్లు, పోయింది పదకొండోసారి.